నీరు కింది అంతస్తుకు - చీకటి అన్ని అంతస్తులకూ!

విజయవాడ:

2024 సెప్టెంబరు నాటి బుడమేరు వరద బాధితులకు సాయం ప్రకటించినప్పుడు ప్రభుత్వం రెండు లెక్కలు కట్టింది. కింది అంతస్తు మునిగిన కుటుంబానికి 25,000 రూపాయలు, మొదటి అంతస్తులోనూ ఆ పైనా కాపురం వుంటున్న కుటుంబానికి 10,000 రూపాయలు ఇస్తామన్నది. ఇంట్లోకి చుక్క నీరు రాని వారికి సాయం ఎందుకన్న ప్రశ్న పైకి న్యాయంగానే కనబడుతుంది. కానీ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ ప్రాంతాలలో ఆ రోజులు గడిపిన వారికి దాని జవాబు వేరే చెప్పనక్కరలేదు. కింది వాటా వారు సామాను పోగొట్టుకున్నారు. పై వాటా వారికి సామాను మిగిలింది గాని కరెంటు లేదు, కుళాయిలో నీళ్లు లేవు, ఫోను మోగలేదు, కిందికి దిగే దారి లేదు.

అంటే వరద వచ్చినప్పుడు ఇంటికి కలిగే నష్టం రెండు రకాలని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లయింది. ఒకటి నీటి వల్ల, రెండవది చీకటి వల్ల. మొదటి దాని గురించి అందరూ మాట్లాడుతున్నారు. గట్లు, గండ్లు, ఆక్రమణలు, మళ్లింపు కాలువ వెడల్పు రోజూ చర్చకు వస్తున్నాయి. రెండవ దాని గురించి మాత్రం ఇళ్లలోగాని, అపార్టుమెంటు సంఘాలలోగాని, కార్యాలయాలలోగాని చర్చ తక్కువ. వానాకాలంలో ప్రతి గృహస్థూ "మా ఇల్లు మునుగుతుందా?" అని అడుగుతున్నాడు. నిజానికి అడగవలసిన ప్రశ్న "కరెంటు లేకుండా అయిదు రోజులు మేం ఈ ఇంట్లో వుండగలమా?" అన్నది.

పేరు లేని వాయుగుండం

2024 ఆగస్టు 31న కురిసిన అతి భారీ వర్షానికి కారణమైన వాయుగుండం విజయవాడకు దగ్గరగా తీరం దాటలేదు. అది దాటింది ఎక్కడో ఉత్తరాన, శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం సమీపంలో. అది తుపాను స్థాయికి చేరనే లేదు గనుక దానికి పేరు కూడా పెట్టలేదు. హుద్‌హుద్, తిత్లీ అన్నట్లుగా పేరు వినబడితే జనం కొవ్వొత్తులు, పాలపొడి, బిస్కట్లు కొని పెట్టుకుంటారు. పేరులేని వాయుగుండానికి ఎవరూ ఏమీ కొనరు. ఆ శనివారం విజయవాడలో జరిగింది అదే. వాన ఎక్కువగా వుందనుకుని తలుపులు మూసుకున్నారు. తెల్లవారేసరికి వీధి ఏరయింది.

నీరు అన్ని రోజులు నిలవడానికి కారణం కూడా తెలిసి వుండాలి. బుడమేరు మైలవరం వైపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలిసే వాగు. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర దాని నీటిలో కొంత భాగాన్ని మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలోకి వదిలే ఏర్పాటు వుంది. అయితే సెప్టెంబరు 2న ప్రకాశం బరాజు వద్ద కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బరాజు చరిత్రలోనే అది రికార్డు. నదే నిండుగా వున్నప్పుడు కాలువ నీరు అందులోకి పోదు, వెనక్కి తంతుంది. కాలువ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. సైన్యం కూడా వచ్చి చేయి వేస్తే చివరి గండి పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది. మరోవైపు దిగువన కొల్లేరు, ఉప్పుటేరు నిదానంగా లాగుతాయే తప్ప ఒక్క పూటలో నీటిని సముద్రానికి పంపలేవు. కాబట్టి ఊళ్లోకి వచ్చిన నీరు రోజుల తరబడి అక్కడే వుంటుంది. నీరున్నంత కాలం కరెంటు రాదు. ఈ రెండు ముక్కలూ కలిపి చదువుకుంటేగాని ఇంటి ఏర్పాటు ఎన్నాళ్లకు చేసుకోవాలో తేలదు. ఒక్క రాత్రికి కాదు, కనీసం అయిదు రోజులకు చేసుకోవాలి.

కరెంటు తీయక తప్పదు

వరద వచ్చినప్పుడు విద్యుత్ సిబ్బంది మీద తిట్ల వర్షం కురవడం మామూలే. కానీ ముంపు వీధిలో సరఫరా నిలిపివేయడం నిర్లక్ష్యం కాదు, ప్రాణరక్షణ. మురుగు, బురద కలిసిన నీరు విద్యుత్తును బాగా మోస్తుంది. నడుము లోతు నీటిలో ఒక స్తంభం తీగ తెగి పడినా, ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె మునిగినా, ఒక ఇంటి ప్లగ్గులోకి నీరు చేరినా దారినపోయే వారికి ప్రాణగండం. పడవల మీద తిరిగే సహాయ సిబ్బందికి కూడా అంతే.

తిరిగి ఇవ్వడంలోనూ ఒక వరుస వుంటుంది. మొదట పెద్ద సబ్‌స్టేషన్లు, తరువాత 33 కేవీ లైన్లు, ఆ తరువాత 11 కేవీ ఫీడర్లు, అటు తరువాత వీధి ట్రాన్స్‌ఫార్మర్లు, చివరికి ఇంటి సర్వీసు తీగలు. అందువల్ల ముఖ్య రహదారి మీద దీపాలు వెలిగిన రెండు మూడు రోజులకు గాని లోపలి సందులకు వెలుగు రాకపోవచ్చు. పక్క వీధికి వచ్చి తమ వీధికి రాలేదంటే అది పక్షపాతమే కానక్కరలేదు. తమ ట్రాన్స్‌ఫార్మరు పరిధిలో ఇంకా ఒక్క ఇంట్లో నీరు నిలిచి వున్నా మొత్తం వీధి ఆగవలసి రావచ్చు. ఈ సంగతి ముందుగా తెలిస్తే జనానికి సహనం వుంటుంది. ఎవరూ చెప్పకపోతే అనుమానమే మిగులుతుంది.

మోటారు ఆగితే కుళాయి ఆగినట్లే

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది ప్రాణాలు పోయాయి. ముందస్తు హెచ్చరికలు, తుపాను ఆశ్రయాలు, ఖాళీ చేయించే పద్ధతులు వచ్చిన తరువాత అంతటి ప్రాణనష్టం తగ్గింది. అది నిస్సందేహంగా గొప్ప ప్రగతి. కాగా ఈ మధ్య కాలంలో ఇళ్ల తీరు మారింది. నాటి ఇంట్లో నూతికి గిలక, దొడ్లో కట్టెలు, గూట్లో కిరసనాయిలు దీపం వుండేవి. కరెంటు పోయినా ఇల్లు నడిచేది. నేటి ఇంటికి సంపు నుంచి పై ట్యాంకుకు నీరెక్కాలన్నా, తాగే నీరు శుద్ధి కావాలన్నా, మూడో అంతస్తు నుంచి ముసలివారు దిగాలన్నా కరెంటే దిక్కు. కరెంటు పోతే దీపం ఒక్కటే పోవడం లేదు. నీరు, ఫోను, లిఫ్టు, మందుల నిల్వ అన్నీ ఒక్కసారి పోతున్నాయి.

కాబట్టి భారీ వర్ష హెచ్చరిక వినగానే చేయవలసిన మొదటి పని నీటి నిల్వ. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు మూడు లీటర్లు వేసుకున్నా నలుగురున్న ఇంటికి రోజుకు 12 లీటర్లు, అయిదు రోజులకు 60 లీటర్లు కావాలి. అంటే 20 లీటర్ల డబ్బాలు మూడు. మిగిలిన అవసరాలన్నీ కలిపి మనిషికి రోజుకు 15 లీటర్లకు తగ్గితే శుభ్రత నిలవదని విపత్తు సాయం పనిలో అనుభవమున్న సంస్థలు లెక్క వేశాయి. ఆ ప్రకారం నలుగురికి అయిదు రోజులకు 300 లీటర్లు. ఇది పెద్ద లెక్కేమీ కాదు. పై ట్యాంకు నిండా వున్నదా లేదా చూసుకుని, బిందెలు, బకెట్లు, బానలు నింపి, మూతలు పెడితే సరిపోతుంది. అయితే కరెంటు పోయిన తరువాత ఈ పని చేయడానికి వీలుండదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అవుతుంది.

అపార్టుమెంటులో అయితే పై ట్యాంకు అందరిదీ. పది కుటుంబాల వారు మామూలుగా వాడితే అది ఒక్క పూటలో ఖాళీ. కరెంటు పోయిన గంటలోనే పెద్దలు కూర్చుని ట్యాంకు వాల్వు కట్టివేసి, ఉదయం ఇంత, సాయంత్రం ఇంత అని పంపకం పెట్టుకుంటే అదే నీరు నాలుగు రోజులు వస్తుంది. డాబా మీద పడే వాన నీటిని డ్రమ్ములకు పట్టుకుంటే మరుగుదొడ్ల అవసరానికి ఇబ్బంది వుండదు. ఆ నీరు తాగవలసి వస్తే బాగా కాచి తాగాలి, లేదా క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి.

మీటరు బోర్డు ఎక్కడ వుంది?

అపార్టుమెంట్లలో మీటర్ల బోర్డు, మోటారు స్టార్టరు, జనరేటరు, లిఫ్టు గొయ్యి చాలావరకు నేల అంతస్తులోనో సెల్లారులోనో వుంటాయి. కట్టేటప్పుడు తీగ ఖర్చు కలిసి వస్తుందని, చూడడానికి అడ్డం వుండదని అక్కడ పెడతారు. దానివల్ల జరిగేదేమిటంటే, అయిదు అంతస్తుల భవనంలో మూడడుగుల నీరు చేరినా అయిదు అంతస్తులూ చీకటే. నీరు తీసిన తరువాత కూడా వీధికి కరెంటు వస్తుంది గాని ఆ భవనానికి రాదు. మీటర్లు మార్చాలి, స్విచ్చులు మార్చాలి, తీగలు ఆరాలి, మోటారు వైండింగు కట్టించాలి. ఇవన్నీ ఒకేసారి వేల ఇళ్లకు కావలసి వచ్చేసరికి ఎలక్ట్రీషియన్ దొరకడు, దొరికినా అడిగినంత ఇవ్వాలి. చుట్టూ వెలుతురు వచ్చినా తమ ఇంట్లో చీకటి మరో నాలుగు రోజులు సాగుతుంది.

దీనికి మందు వుంది. 2024లో తమ గోడ మీద నీరు ఎక్కడి వరకు వచ్చిందో ముంపు ప్రాంతాల వారికి తెలుసు. ఆ గుర్తుకు రెండడుగుల పైన మీటరు బోర్డు, మోటారు ప్యానెలు, జనరేటరు దిమ్మె వుండేలా మార్చుకోవాలి. మీటరుకు సీలు వుంటుంది గనుక సొంతంగా కదపరాదు. విద్యుత్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి వారి ద్వారానే మార్పించుకోవాలి. ఇంటి లోపల కూడా కింది వాటా తీగలకు, పై వాటా తీగలకు విడివిడి స్విచ్చులు పెట్టించుకుంటే కింద నీరున్నా వీధికి సరఫరా వచ్చినప్పుడు పై వాటాకైనా వెలుగు దక్కుతుంది. చేయి తగిలి కరెంటు నేలకు కారిన మరుక్షణం సరఫరా తెంచివేసే 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ స్విచ్చు కూడా పెట్టించుకోదగ్గది. బుడమేరు గట్లను పటిష్ఠం చేయడం ఏళ్లు పట్టే పని. బోర్డు పైకెత్తడం ఒకటి రెండు రోజుల పని.

నీరు గుమ్మంలోకి వస్తుండగానే, ఇంకా నేల పొడిగా వుండగానే, మెయిన్ కట్టివేయాలి. లిఫ్టును పై అంతస్తుకు తీసుకువెళ్లి అక్కడ ఆపి దాని సరఫరా తీసివేయాలి. నీరు చేరిన తరువాత ఆ నీటిలో నిలబడి మెయిన్ కట్టడానికి ఎవరూ సాహసించరాదు. 1912కు ఫోను చేసి వీధి సరఫరా ఆపించాలి. కింది వాటాలో మరుగుదొడ్డి నుంచి మురుగు ఎదురు తన్నుతుంది. అందుకని ఇసుక నింపిన సంచి ఒకటి దాని మీద పెట్టడం కూడా మరువరాదు.

ఇన్వర్టరు అండా, గండమా?

ఇన్వర్టరు వున్న వారికి ధైర్యం ఎక్కువ. ఆ ధైర్యంలో రెండు పొరపాట్లున్నాయి. మొదటిది, అది అయిదు రోజులు వస్తుందనుకోవడం. సాధారణంగా ఇళ్లలో వుండే 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1,800 వాట్-గంటల శక్తి వుంటుంది. నష్టాలు పోగా చేతికి వచ్చేది 1,200 నుంచి 1,300 వరకు. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 9 వాట్ల బల్బులు నాలుగు వేస్తే ఆరేడు గంటలలో అది నిండుకుంటుంది. అదే బ్యాటరీతో రోజుకు నాలుగు గంటలు రెండు బల్బులు, రెండు ఫోన్ల చార్జింగు, పెద్దవారికి రాత్రి ఓ గంటన్నర ఫ్యాను వరకే సరిపెట్టుకుని, మిగిలిన సమయంలో ఇన్వర్టరును పూర్తిగా ఆపివేస్తే నాలుగైదు రోజులు నెట్టుకురావచ్చు. మొదటి రాత్రి హాయిగా ఫ్యాను కింద పడుకున్న కుటుంబానికి రెండవ రాత్రి టార్చి వెలుతురే మిగులుతుంది.

రెండవ పొరపాటు ప్రమాదకరమైనది. మెయిన్ కట్టివేసినంత మాత్రాన ఇన్వర్టరు ఊరుకోదు. కరెంటు పోయిందనుకుని అది తన బ్యాటరీ నుంచి అవే తీగలకు సరఫరా మొదలుపెడుతుంది. వీధిలో కరెంటు లేదు గదా అనే ధీమాతో నీటిలో దిగి ప్లగ్గు దగ్గర చేయి పెట్టిన వారికి అదే ప్రాణాంతకం కావచ్చు. కనుక మెయిన్ తోపాటు ఇన్వర్టరును కూడా ఆపాలి. బ్యాటరీని నేల మీద గాక ఎత్తయిన అరుగు మీద వుంచాలి.

డాబాల మీద సౌర ఫలకాలు పెట్టించుకున్న వారికి మరో సంగతి. గ్రిడ్డుకు కలిపిన మామూలు సౌర వ్యవస్థ వీధిలో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే సిబ్బంది ప్రాణాలు కాపాడడానికే ఆ ఏర్పాటు. విడిగా బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టరు వుంటే తప్ప వరదలో ఆ ఫలకాలు వెలుగునివ్వవు. అయితే ఎండ వున్నంతసేపూ ఫలకాల నుంచి వచ్చే తీగలలో మాత్రం విద్యుత్తు వుంటుంది. వాటిని తాకరాదు. జనరేటరును మూసివున్న సెల్లారులోగాని, వరండాలోగాని నడిపితే వాసన లేని విషవాయువు నిండి నిద్రలోనే ప్రాణం పోతుంది. దాన్ని ఆరుబయటే నడపాలి. తగిన మార్పిడి స్విచ్చు లేకుండా ఇంటి తీగలకు కలిపితే కరెంటు ఎదురు ప్రవహించి స్తంభమెక్కిన లైన్‌మాన్‌కు ఆపద.

ఎవరు ముందు బయలుదేరాలి?

వరదలో ఇల్లు వదిలి రావడానికి చాలామంది ఇష్టపడరు. దొంగల భయం, సామాను మీద మమకారం, శిబిరంలో ఆడవారికి ఇబ్బంది అన్నవి సరైన కారణాలే. పై వాటా వారైతే తమ ఇల్లు మునగదు గదా అని కదలరు. ఇక్కడే మొదట చెప్పిన ప్రశ్న వేసుకోవాలి. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడిన వారుంటే, వారానికి రెండు మూడు సార్లు డయాలిసిస్ చేయించుకునే వారుంటే, నెలలు నిండిన గర్భిణి వుంటే, మంచం పట్టిన వృద్ధులుంటే ఆ ఇల్లు ఎన్నో అంతస్తులో వున్నదీ లెక్కలోకి రాదు. మోకాలి లోతు నీటిలో ఆటోలోనో బంధువుల భుజం మీదనో దాటించవచ్చు. మెడ లోతయ్యాక పడవ కోసం ఎదురుచూడాలి. 2024లో పడవలు, డ్రోన్లు, హెలికాప్టర్లు వచ్చాయి. డ్రోను ఆహార పొట్లం ఇవ్వగలదు గాని రోగిని దించలేదు. కనుక హెచ్చరిక వచ్చిన రోజే అటువంటి వారిని మెట్ట ప్రాంతంలోని బంధువుల ఇంటికో, ఆసుపత్రి దగ్గరకో చేర్చడం ఉత్తమం. ఆ ఒక్కరూ సురక్షితంగా వుంటే మిగిలినవారు ఇల్లు కనిపెట్టుకుని వుండవచ్చు.

మధుమేహం వున్నవారి ఇన్సులిన్ గురించి అనవసరంగా భయపడనక్కరలేదు. వాడకంలో వున్న సీసా సాధారణంగా 25-30 డిగ్రీల లోపు వేడిలో నాలుగు వారాల వరకు చెడదు. కొత్త సీసాలను నీరు చొరని డబ్బాలో పెట్టి, మట్టి కుండలో నీరు పోసి, అందులో ఆ డబ్బాను నీడపట్టున వుంచితే కుండ చెమర్చి చల్లగా వుంటుంది. మన పల్లెటూళ్లలో కుండనీళ్లు చల్లగా వుండే సూత్రమే అది. మంచు గడ్డల మధ్య పెట్టరాదు, గడ్డ కడితే మందు పనిచేయదు. ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తీయకుండా వుంటే నాలుగు గంటల వరకు చల్లదనం నిలుస్తుంది. ఆ తరువాత పాలు, వండిన కూరలు, మాంసం వాడకపోవడమే మేలు. బి.పి., మూర్ఛ, గుండె జబ్బు మందులు వానాకాలమంతా రెండు వారాలకు సరిపడా ఇంట్లో వుంచుకోవాలి.

నీరు తీసిన తరువాత...

నీరు తీసింది, బురద మిగిలింది. వీధిలో దీపం వెలిగింది. అందరికీ ఊపిరి వచ్చినట్లుంటుంది. అసలు జాగ్రత్త పడవలసిన ఘడియ అదే. తడిసిన గోడలో, తీగల గొట్టాలలో, స్విచ్చు బోర్డు వెనుక నీరు ఇంకా వుంటుంది. ఇల్లు కడిగేటప్పుడు పైపుతో గోడలకు నీరు కొడితే మళ్లీ బోర్డులోకి పోతుంది. 2024లో బురద కడగడానికి వీధులలోకి అగ్నిమాపక శకటాలను కూడా దించారు. అటువంటప్పుడు మెయిన్, ఇన్వర్టరు రెండూ కట్టివున్నాయా అని ముందు చూసుకోవాలి.

మొదట తలుపులు, కిటికీలు తెరిచి, గ్యాసు వాసన వస్తున్నదేమో చూడాలి. వస్తుంటే అగ్గిపుల్ల గీయరాదు, ఏ స్విచ్చూ వేయరాదు. నీటిలో మునిగిన స్విచ్చులు, ప్లగ్గులు, ఎంసీబీలు ఆరినట్లు కనిపించినా వాడదగ్గవి కావు, మార్చాలి. తీగలను ఎలక్ట్రీషియన్ చేత మెగ్గరుతో పరీక్ష చేయించి, ఒక్కొక్క గది సరఫరా విడివిడిగా ఇచ్చి చూడాలి. ఫ్రిజ్, వాషింగ్ మిషన్, మోటారు మునిగి వుంటే మెకానిక్ విప్పి ఆరబెట్టేవరకు ప్లగ్గు పెట్టరాదు. పని చేస్తున్నదా లేదా అని ఒక్కసారి వేసి చూద్దామన్న తొందరలో బాగుపడగలిగిన యంత్రం కాలిపోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. కొత్తగా సరఫరా వచ్చినప్పుడు వోల్టేజీ ఎగుడుదిగుడుగా వుంటుంది కనుక మునగని వస్తువులను కూడా అరగంట ఆగి వేసుకోవడం మంచిది.

సంపులోకి వరద నీరు చేరితే దానిని పూర్తిగా తోడి, అడుగు బురద తీసి, గోడలు రుద్ది కడిగి, కొత్త నీరు పట్టాలి. నికార్సయిన బ్లీచింగ్ పౌడరు 1,000 లీటర్ల తేటనీటికి 2.5 గ్రాముల చొప్పున కలిపి గంటసేపు ఆగాలన్నది ఆరోగ్య శాఖ వారు పాటించే లెక్క. నీరు మురికిగా వుంటే ఆ మోతాదు చాలదు. చెప్పులు లేకుండా బురదలో తిరిగితే కాలి పగుళ్ల ద్వారా ఎలుక జ్వరం సోకుతుంది. చీకట్లో పాములు మెట్ల కింద, చెప్పుల స్టాండులో చేరతాయి. టార్చి లేకుండా చేయి పెట్టరాదు.

విశాఖ నేర్పింది వేరు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు కరెంటు పోయింది గాలికి. స్తంభాలు వంగాయి, చెట్లు తీగల మీద పడ్డాయి. మహానగరం రోజుల తరబడి చీకట్లో మగ్గింది. పాలకు, నీళ్లకు, పెట్రోలుకు బారులు తీరారు. నాలుగేళ్లకు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ ఉద్దానంలోని కొబ్బరి, జీడిమామిడి తోటలను పడగొట్టింది. అక్కడి పల్లెలకు వెలుగు రావడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఆ అనుభవం తరువాత విశాఖలో ప్రపంచ బ్యాంకు సాయంతో తీగలను భూగర్భంలో వేసే పని చేపట్టారు.

అది మంచి పనే. అయితే ప్రతి ఊరికీ అదే మందు అనుకోరాదు. భూగర్భ కేబులు గాలికి భయపడదు గాని దాని పెట్టెలు, స్విచ్చులు నేల మీదనే వుంటాయి. లోతట్టు వీధిలో అవి మునిగితే కేబులు వున్నా కరెంటు రాదు. విశాఖది గాలి జబ్బు, సింగ్‌నగర్‌ది నీటి జబ్బు. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటిన మొంథా తుపాను, డెల్టా జిల్లాలకు ఈ రెండు భయాలూ వున్నాయని మరోసారి గుర్తు చేసి వెళ్లింది.

ఎవరి పని ఏది?

ఇంటివారు చేసుకోగలిగినది ఎంతో వున్నా, చేసుకోలేనిది కూడా కొంత వుంది. 2024 నీటి మట్టం ఎంతవరకు వచ్చిందో ప్రతి వీధి స్తంభం మీద రంగు గీతగా వేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ గీత వుంటే ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె ఎంత ఎత్తు కట్టాలో విద్యుత్ శాఖకు, మీటరు బోర్డు ఎక్కడ పెట్టాలో బిల్డరుకు, మంచం ఎక్కడ వేసుకోవాలో అద్దెకు దిగేవారికి తెలుస్తుంది. కొత్త భవనాల ప్లానులు మంజూరు చేసేటప్పుడు బోర్డు ఎత్తును కూడా నగరపాలక సంస్థ షరతుగా పెట్టవచ్చు. ఫీడర్లను చిన్న ముక్కలుగా విడదీసి స్విచ్చులు పెడితే, మునిగిన నాలుగు వీధుల కోసం పొడిగా వున్న పది వీధులను చీకట్లో వుంచనక్కరలేదు. మంచినీటి పంపులకు విడి జనరేటర్లు, వాటికి డీజిలు వానాకాలానికి ముందే సిద్ధంగా వుండాలి.

అన్నిటికంటె సులువైనది, అయినా జరగనిది, జనానికి సంగతి చెప్పడం. ఏ వీధిలో కరెంటు ఎందుకు ఆగింది, సుమారు ఎప్పుడు రావచ్చు అన్న రెండు వాక్యాలు రోజుకు రెండుసార్లు ఆకాశవాణిలోనూ, మైకులలోనూ, ఫోను సందేశాలలోనూ చెబితే చాలు. వదంతులకు చోటుండదు. సెల్ టవర్లకు కూడా కరెంటే ఆధారం గనుక సెల్లులతో నడిచే చిన్న ట్రాన్సిస్టరు ఒకటి ఇంట్లో వుండడం పాతకాలపు అలవాటే అయినా నేటికీ పనికి వస్తుంది. వార్డు స్థాయిలో ఆక్సిజన్, డయాలిసిస్ రోగుల పేర్లు ఆరోగ్య కార్యకర్తల దగ్గర ముందే వుంటే మొదటి పడవ ఎవరి గుమ్మానికి పోవాలో వెతుక్కోనక్కరలేదు.

నష్టపరిహారంలో పై అంతస్తుకు కట్టిన 10,000 రూపాయలు చీకటికి కట్టిన వెల. ఒకసారి ప్రభుత్వం చెల్లించింది. అదే సొమ్ములో కొంత భాగం బోర్డు ఎత్తడానికి, నాలుగు డబ్బాలకు, ఒక టార్చికి ముందుగా ఖర్చు పెట్టుకున్న ఇంటికి మరోసారి ఆ సాయం కోసం ఎదురుచూసే అవసరం తగ్గుతుంది. బుడమేరు మళ్లీ ఎప్పుడు పొంగుతుందో ఎవరూ చెప్పలేరు. పొంగిన రాత్రి ట్యాంకులో నీరు, కుండలో మందు, చేతికందే చోట టార్చి వున్నదీ లేనిదీ మాత్రం ఈ రోజే చూసుకోవచ్చు.